కారం మిల్లుకు కొరత వెల

గుంటూరు మిర్చి ఘాటును గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ మిర్చిని పొడిగా మార్చి సంచికెత్తే చిన్న మిల్లు లెక్కను గురించి రాసినవారు తక్కువ. యార్డులో ధర పెరిగినప్పుడూ పడినప్పుడూ పత్రికలు రైతును గురించి రాస్తాయి, అది న్యాయమే. రైతుకూ వంటింటికీ మధ్యన నిలబడి, పదిమందికి పని చూపి, అప్పు మీద అప్పు తెచ్చి, ఏడాది చివర ఎంత మిగిలిందో తనకే తెలియని చిన్న తయారీదారును గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ టపా అతణ్ణి గురించి.

నా వాదన ఒక్కటే. చిన్న మిల్లులో లాభానికి అడ్డుపడుతున్న కొరత, యజమాని రోజూ తిట్టుకునే కొరత, చాలాసార్లు ఒకటి కావు. ఆ రెంటినీ వేరుచేసి చూపగల గణితం పుట్టి ఎనిమిది దశాబ్దాలు దాటింది. కూడికలు, హెచ్చవేతలు వచ్చినవారెవరికైనా అది అందుతుంది. దాన్ని ఇంకా మనం డిగ్రీ పరీక్షలో పది మార్కుల ప్రశ్నగానే ఉంచుకోవడం మన దురదృష్టం.

ముందు పేరు సంగతి. లీనియర్ ప్రోగ్రామింగ్ అన్న మాట వినగానే మనలో సాఫ్ట్‌వేరు మిత్రులు కంప్యూటరు ప్రోగ్రాము అనుకుంటారు. అది కాదు. ఆ పదం పుట్టిన 1940ల్లో అమెరికా వైమానిక దళంలో ప్రోగ్రాము అంటే ఎవరిని ఎప్పుడు ఎక్కడికి పంపాలి, ఏ సరుకు ఎంత చేరవేయాలి అనే ప్రణాళిక. అక్కడ పనిచేసిన జార్జ్ డాంట్జిగ్ 1947లో ఇలాంటి ప్రణాళికలను లెక్కగట్టే సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టాడు. కనుక తెలుగులో దీన్ని రేఖీయ ప్రణాళిక అనడం సమంజసమని నా అభిప్రాయం. రేఖీయం అంటే రెట్టింపు సరుకుకు రెట్టింపు ఖర్చు, రెట్టింపు సమయం, రెట్టింపు ఆదాయం అనే ఊహ. ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో తరువాత చెబుతాను.

డాంట్జిగ్ కంటే ముందే, 1939లో, లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలోని లియొనీద్ కంటరోవిచ్ అనే యువ గణితవేత్త ఇదే సంగతిని ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన్ను కదిలించినది సైన్యమూ కాదు, అంతరిక్షమూ కాదు. ఒక ప్లైవుడ్ కర్మాగారం. రకరకాల దుంగలు, రకరకాల యంత్రాలు ఉన్నాయి. ఏ యంత్రం మీద ఏ దుంగ ఎంతసేపు చెక్కితే మొత్తం ఉత్పత్తి ఎక్కువగా వస్తుందని వాళ్ళు ఆయన్ను అడిగారు. 1975లో ఆయనకు, కూప్‌మన్స్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ దాకా వెళ్ళిన ఈ శాస్త్రానికి మూలం ఒక కర్మాగారపు దైనందిన చిక్కు అని మనం మరిచిపోకూడదు. మన వాడైన కట్టా గోపాలకృష్ణ మూర్తి మిషిగన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఈ శాస్త్రాన్ని బోధించి, 1983లో దీని మీద పెద్ద గ్రంథమే వెలువరించారు. అయినా గుంటూరు మిల్లు యజమాని చేతిలో పెట్టి "చదవండి" అనదగిన తెలుగు పుస్తకం ఒక్కటీ నాకు కంటపడలేదు.

ఇక మన నేలకు వద్దాం. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానం పల్నాడు, బాపట్ల అనే కొత్త పేర్లలోకి కూడా చీలింది. నేల అదే నల్లరేగడి, పంటలు అవే పత్తి, మిర్చి. మాఘ ఫాల్గుణాల్లో కల్లాల మీద ఎర్రగా ఆరబోసిన కాయ, ఆ తరువాత యార్డుకు బారులు తీరే టిక్కీల లారీలు, నిండిపోయే కోల్డ్ స్టోరేజీలు మనందరికీ తెలిసినవే. ఆ కాయను కొని మరపట్టే చిన్న మిల్లుకు ప్రతి ఉదయమూ ఒకే ప్రశ్న: ఈ వారం ఏం తయారు చేయాలి? తొడిమతోనే మరపట్టిన సాదా కారమా, తొడిమ ఒలిచి పట్టిన మేలు కారమా, ఒలిచిన కాయను అలాగే ఎగుమతిదారుకు ఇవ్వడమా, హోటళ్ళకు పచ్చళ్ళవాళ్ళకు కచ్చాపచ్చాగా దంచి ఇవ్వడమా? ఈ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నవి మూడు: నిరుడు చేసిన అలవాటు, యార్డులో వినబడిన మాట, ఫోను చేసిన కొనుగోలుదారు తొందర.

ఒక మిల్లును ఊహించుకుందాం. అంకెలన్నీ నేను వేసుకున్నవే. మీ మిల్లుకు మీ అంకెలు వేసుకోవచ్చు. సరుకులు రెండే అనుకుందాం. సాదా కారం ఒక క్వింటా మరపట్టడానికి ఒక గంట పడుతుంది; అందులో డబ్బు 15,000 రూపాయలు చిక్కుకుంటుంది; కాయ, కూలి, కరెంటు, సంచి అన్నీ పోను 1,000 రూపాయలు మిగులుతుంది. మేలు కారం సన్నగా పట్టాలి కనుక గంటన్నర పడుతుంది, 20,000 రూపాయలు చిక్కుకుంటుంది, 1,800 మిగులుతుంది. మేలు కారానికి తొడిమలు ఒలవాలి. ఒక మనిషి రోజుకు పాతిక కిలోలు ఒలుస్తుందనుకుంటే క్వింటాకు నాలుగు పనిదినాలు. నెలకు 25 రోజులు, రోజుకు పది గంటలు నడిస్తే మర గంటలు 250. ఒలిచే ఆడవాళ్ళు పదహారుమంది, అంటే 400 పనిదినాలు. అమ్మిన సరుకు డబ్బు చేతికి రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా తిప్పడానికి యజమాని దగ్గరున్నది 32 లక్షలు.

సాదా కారం క్వింటాలను 'స' అని, మేలు కారం క్వింటాలను 'మ' అని అంటే, హద్దులు ఇవి:

మర గంటలు: స + 1.5 మ, 250కి మించరాదు
ఒలుపు పనిదినాలు: 4 మ, 400కి మించరాదు
పెట్టుబడి (వేల రూపాయల్లో): 15 స + 20 మ, 3,200కి మించరాదు
గరిష్ఠం కావలసినది: 1,000 స + 1,800 మ

ఇంతే. రేఖీయ ప్రణాళిక అంటే ఈ నాలుగు పంక్తులు. వీటిని గళ్ళకాగితం మీద గీసినా సరే, కంప్యూటరులో ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ పట్టికలోని సాల్వర్‌కు ఇచ్చినా సరే, జవాబు ఒకటే: సాదా 80 క్వింటాలు, మేలు 100 క్వింటాలు, మిగులు 2,60,000 రూపాయలు. గళ్ళ పేర్లన్నీ తెలుగులోనే రాసుకోవచ్చు. యూనికోడు పుణ్యమా అని అది పేచీ పెట్టదు.

ఇప్పుడు మన యజమాని అలవాటు చూద్దాం. అతను గంటల లెక్కలో ఆలోచిస్తాడు. సాదా కారమైతే గంటకో క్వింటా దిగుతుంది, చకచకా కదులుతుంది, మర చప్పుడు ఆగదు. అందుకని సాదా 120, మేలు 70 చేస్తాడు. అతని పెట్టుబడి అంతా ఖర్చయింది: 18 లక్షలు, 14 లక్షలు, మొత్తం 32. మిగులు 2,46,000. తేడా నెలకు 14,000 రూపాయలు. అతను ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండా, చేస్తున్న పనుల పాళ్ళు మార్చుకుంటే వచ్చే డబ్బు అది.

"ఇంతమాత్రానికి ఇంత గణితమెందుకు, బుర్రతో చెప్పొచ్చుగా" అని మీరు అనవచ్చు. రెండు సరుకులకూ మూడు హద్దులకూ చెప్పవచ్చు. సరుకులు పది, హద్దులు పదిహేను అయినప్పుడు ఏ బుర్రా చెప్పలేదు. అయితే నేను ఈ గణితాన్ని మెచ్చుకునేది ఆ 80, 100 అనే జవాబు కోసం కాదు. వచ్చే వారం కాయ ధర మారితే ఆ అంకెలు మారతాయి. ఈ లెక్క నుంచి జవాబుతో పాటు మరొక వరుస అంకెలు కూడా రాబట్టవచ్చు. మనవాళ్ళు చూడకుండా వదిలేసే ఆ వరుసలోనే అసలు సంగతి ఉంది.

అర్థశాస్త్రంలో దాన్ని ఛాయామూల్యం అంటారు. ఛాయ అనగానే అదేదో మాయలా వినిపిస్తుంది. కొరత వెల అంటే మిల్లులో ఎవరికైనా అర్థమవుతుంది. ఒక్కొక్క హద్దును ఒక్క పిసరు సడలిస్తే మిగులు ఎంత పెరుగుతుంది? అదే ఆ కొరత వెల. మన లెక్కలో ఆ వెలలు ఇవి. మర గంటకు సున్నా. పెట్టుబడి లక్షకు నెలకు 6,667 రూపాయలు. ఒలుపు పనిదినానికి, ఇప్పుడిస్తున్న కూలి పోను, 116 రూపాయల చిల్లర.

ఆ సున్నాను మరోసారి చూడండి. మా బంధువర్గంలో ఒక పెద్దాయనకు చిలకలూరిపేట దగ్గర చిన్న కారం మిల్లు ఉంది. "ఇంకో పల్వరైజర్ పడితే తప్ప గిట్టుబాటు కాదు అబ్బాయ్" అనేది ఆయన నిత్యపారాయణం. ఒకసారి అడిగాను: "బాబాయ్, పోయిన నెలలో మర ఎన్ని గంటలు ఊరికే ఆగింది?" ఆయన కాసేపు వేళ్ళు మడిచి, "ఇరవై గంటలు ఆగి ఉంటదిలే, కాయకు డబ్బు సర్దలేకనో, ఒలిచేవాళ్ళు రాకనో" అన్నాడు. ఆయన నోటితోనే జవాబు చెప్పాడు. మర ఆగినప్పుడు మర కొరత ఉండదు. ఆగిన మర పక్కన ఇంకొక మర పెడితే ఆగినవి రెండవుతాయి, నెల వాయిదా ఒకటి కొత్తగా మొదలవుతుంది.

అయినా మర మీదే చూపు ఎందుకుంటుంది? మర కంటికి కనబడుతుంది, చప్పుడు చేస్తుంది, పాడైనప్పుడు అందరి ముందూ పరువు తీస్తుంది. పెట్టుబడి కొరత గదిలో కూర్చుని పడే బాధ. దానికితోడు బ్యాంకులు, ప్రభుత్వాలు మరకు అప్పు ఇచ్చినంత హుషారుగా తిప్పుడు డబ్బుకు ఇవ్వవు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా రాయితీ యూనిట్ నెలకొల్పే స్థిర పెట్టుబడి మీదే పెట్టారు. మంచి పథకమే, కాదనను. కాని రాయితీ ఉన్నచోటికే మనసు లాగుతుంది. కొరత వెల సున్నా ఉన్న వస్తువును పది లక్షలు తగ్గించి ఇచ్చినా అది లాభసాటి కాదు. యంత్రానికి దరఖాస్తు పెట్టే ప్రతి చిన్న యూనిట్ చేతా ముందు ఈ నాలుగు పంక్తుల లెక్క రాయిస్తే, ఆగిన మరల సంఖ్య కొంతైనా తగ్గుతుందని నేను నమ్ముతున్నాను.

పెట్టుబడి సంగతి చూడండి. మన ఊళ్ళలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 2,000 ఖర్చు. కొరత వెల 6,667. తేవచ్చు. అయితే ఎంతవరకు? మూడు లక్షల దాకానే. మూడు లక్షలతో ఇంకో ఇరవై క్వింటాల సాదా కారం పడుతుంది, అంతటితో ఆ ఖాళీ ఇరవై గంటలూ నిండిపోతాయి. నాలుగో లక్ష తెస్తే అది బీరువాలో కూర్చుని వడ్డీ తింటుంది. అప్పుడు, ఆ తరువాత మాత్రమే, మర గంటకు విలువ వస్తుంది: గంటకు ఒక క్వింటా సాదా కారం, 1,000 మిగులులో 15,000 మీది నెల వడ్డీ 300 పోతే 700 రూపాయలు. కొరత ఒకచోట తీరితే ఇంకొకచోటికి కాపురం మారుస్తుంది. ఈ గణితం ప్రతి అడుగులోనూ దాని చిరునామా చెబుతుంది. మర కొనవద్దని నేననడం లేదు. దాని వంతు వచ్చినప్పుడు కొనమంటున్నాను.

ఇక మూడో వెల, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. ఒలుపు పని ఆడవాళ్ళది. ఘాటుకు కళ్ళు మండుతూ, చేతులు భగభగమంటూ, ముక్కుకు కొంగు కట్టుకుని కుప్పల దగ్గర కూర్చునే పని. మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్న నెలల్లో ఈ కూలీలే చేలల్లోకి వెళతారు. అప్పుడు మిల్లువారు "జనం దొరకడం లేదు, పని చేసే అలవాటే పోయింది" అని వాపోతారు. లెక్క ఏమంటోంది? ఇంకొక మనిషి ఇంకొక రోజు వస్తే, ఇస్తున్న కూలి కాక 116 రూపాయల విలువ మిల్లుకు చేరుతుందంటోంది. అంటే ఈ మిల్లులో మనుషులు దొరకకపోవడానికి కారణం మనుషుల బద్ధకం కాదు. వారి పనికి మిల్లులోనే ఉన్న విలువకూ మిల్లు ఇస్తున్న కూలికీ మధ్య ఉన్న దూరం.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ 116 కొత్తగా వచ్చే రోజుకే వర్తిస్తుంది. కూలి పెంచితే పాతవారికీ పెంచాలి, పెంచకపోతే అది అన్యాయం, పైగా సాగదు. పాతిక రూపాయలు పెంచామనుకుందాం. ఉన్న 400 పనిదినాలకు 10,000 ఖర్చు. కొత్తగా వచ్చిన ప్రతి రోజుకూ 91 రూపాయల పైచిలుకు మిగులు. కొత్తగా అయిదుగురు వస్తే 125 రోజులు, సుమారు 11,450 రూపాయలు. ఖర్చు తీరి పైన కొంత ఉంటుంది. నలుగురే వస్తే కొద్దిగా నష్టం. యాభై పెంచితే ఈ మిల్లు తట్టుకోలేదు. చూడండి, కూలి పెంచాలా వద్దా అన్న వాదం ఇప్పటిదాకా గొంతు పెంచి చేసుకునేది. ఇప్పుడు కాగితం మీద పెట్టి మాట్లాడుకోవచ్చు. పాతిక రూపాయలు పెంచడం దానం కాదని, వ్యాపారమేనని యజమానికి చూపగల సాధనం ఇంకొకటి నాకు తెలియదు. అదే కాగితం కూలీల చేతిలో ఉంటే, ఎంతవరకు అడగవచ్చో వాళ్ళకూ తెలుస్తుంది. అందుకే ఈ విద్య తెలుగులో ఉండాలంటున్నాను.

ఇంతవరకు పొగడ్త. ఇకపై హెచ్చరికలు రెండు.

మొదటిది కల్తీ. చిన్న మిల్లుకు రేఖీయ ప్రణాళిక మరింత బాగా అతికేది రకాలను కలిపే పనిలో. తేజ కాయకు ఘాటు ఎక్కువ. 334, సన్నం రకాలది నడిమి ఘాటు. గుంటూరు సన్నానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కర్ణాటక బ్యాడగికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. కొనేవాడు ఘాటును స్కోవిల్ అంకెతోనూ, రంగును ఆస్టా అంకెతోనూ అడుగుతాడు. ఈ గుణాలు కలిపిన పాళ్ళను బట్టి దాదాపు సరళంగా కలుస్తాయి. తేజ ఘాటు 80,000, 334ది 35,000 అనుకుంటే, 50,000 ఘాటు కావాలంటే తేజ ఒక పాలు, 334 రెండు పాలు. 1952లోనే చార్న్స్, కూపర్, మెలన్ అనే ముగ్గురు విమాన ఇంధనాన్ని కలపడానికి ఈ పద్ధతే వాడారు. ఇంధనానికి పనికొచ్చింది కారానికి పనికిరాదా?

పనికొస్తుంది. కాని రంగు హద్దు బిగిసినప్పుడు దానికీ ఒక కొరత వెల వస్తుంది. రంగును చౌకగా తెచ్చే దారి ఏదైనా లెక్కకు ముద్దే. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సుడాన్ రంగు బయటపడి, యూరపు సమాఖ్య కారం దిగుమతుల మీద అత్యవసర నిబంధనలు విధించింది. 2005 ఫిబ్రవరిలో ఆ రంగు కలిసిన కారం ఒక సాస్‌లో చేరి, ఆ సాస్ వందల తినుబండారాల్లో చేరి, బ్రిటన్‌లో అన్నింటినీ అంగళ్ళ నుంచి వెనక్కి తీసుకోవలసివచ్చింది. సుడాన్ గుడ్డలకూ మైనానికీ వేసే రంగు. క్యాన్సరు కారకమన్న అనుమానంతో ఆహారంలో నిషేధించారు. లెక్కకు నీతి తెలియదు. మనం రాసిన హద్దులే దానికి తెలుసు. కనుక హద్దుల్లో రెండు జాతులున్నాయని గుర్తుంచుకోవాలి. పెట్టుబడి, గంటలు, పనిదినాలు బేరమాడదగిన హద్దులు. వాటి వెల అడగడం వివేకం. సుడాన్ సున్నా, బూజు విషం చట్టం చెప్పినదానికి లోపు, ఒలిచేవారికి ముక్కుగుడ్డ, నీడ అనేవి గోడలు. వాటికి వెల అడగడం మొదలుపెట్టిన రోజే మిల్లు చెడుతుంది. ఏది హద్దు, ఏది గోడ అన్నది గణితం చెప్పదు. అది రాసేవాడి సంస్కారం.

రెండవది ధర. ఈ లెక్క రేపటి ధర తెలుసునన్న నమ్మకంతో నడుస్తుంది. మిర్చికి అంతకంటే పెద్ద అబద్ధం లేదు. 2025 ఫిబ్రవరిలో ధర ఎంతగా కూలిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయవలసివచ్చింది. అంతకు ఏడాది రెండేళ్ళ ముందు అదే కాయ ఇరవై వేలు దాటి పలికింది. ధర తెలుసుననుకుని లెక్క వేస్తే, రేఖీయ ప్రణాళిక స్వభావరీత్యా ఒక మూలకు పోయి కూర్చుంటుంది. ఏది కొంచెం లాభమో దానికే హద్దు దాకా అంతా పొయ్యమంటుంది. ఒకే బుట్ట మీద అంతా పెట్టడం ఈ మైదానానికి కొత్త కాదు. పత్తి లాభమనిపించిన రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ఎకరాల తరబడి పత్తికే ఇచ్చేశారు. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. కొట్టిన మందు పురుగును చంపలేదు, అప్పులు తీరని రైతులు ఆ మందే తాగారు. వారిది లెక్క రాని తెలివితక్కువతనం కాదు. ఒక్క ధరను, ఒక్క దిగుబడిని నమ్మి వేసిన లెక్క ఏ మూలకు తీసుకువెళుతుందో అక్కడికే వెళ్ళారు, అంతే.

దీనికి మందు లేకపోలేదు. 1971లో పీటర్ హేజెల్ అనే వ్యవసాయార్థశాస్త్రవేత్త, గడిచిన ఏళ్ళ ఒడిదుడుకులనే హద్దులుగా రాసి, రేఖీయ లెక్కలోనే ప్రమాదాన్ని కూడా తూచే ఉపాయం చూపాడు. అంత దూరం పోనక్కరలేదు. చిన్న మిల్లుకు మూడు పనులు చాలు. ఒకే లెక్కను ధర మంచిగా ఉన్నప్పటికీ, నడిమిగా ఉన్నప్పటికీ, కూలిపోయినప్పటికీ మూడుసార్లు వేయాలి. మూడింటిలోనూ ఏ సరుకు నిలబడుతుందో దానిని ముందు పట్టాలి. ఏ ఒక్క సరుకూ, ఏ ఒక్క కొనుగోలుదారూ మొత్తంలో సగానికి మించకూడదని ఒక పంక్తి అదనంగా రాసుకోవాలి. ఆ పంక్తి వల్ల మంచి నెలలో కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలే దాని కొరత వెల. దాన్ని బీమా రుసుము అనుకోవాలి.

రేఖీయ ఊహ తప్పేచోట్లు ఇంకా ఉన్నాయి. రకం మార్చినప్పుడల్లా మర కడిగి ఆరబెట్టాలి. ఆ సమయం క్వింటాలను బట్టి ఉండదు. మేలు కారం రెట్టింపు చేస్తే కొనేవాడు అదే ధర ఇవ్వడు. మరను ఒకటిన్నర కొనలేం. పత్తి జిన్నింగ్ మిల్లులోనైతే ఈ లెక్కకు పెద్ద పనే ఉండదు: పత్తిలో మూడోవంతు దూది, మిగతాది గింజ, ఆ పాళ్ళు మన చేతిలో లేవు. గింజను అమ్మాలా, నూనె ఆడించి చెక్క అమ్మాలా అన్న దగ్గర మళ్ళీ పని మొదలవుతుంది. ఎంపిక ఉన్నచోటే ప్రణాళిక. ఎంపిక లేనిచోట దీన్ని రుద్దేవాళ్ళు మనకు సాఫ్ట్‌వేరు అమ్మజూస్తున్నారని గ్రహించాలి.

ఇన్ని లోపాలున్నా నేను ఈ విద్య పక్షానే నిలబడతాను. కారణం, దీన్ని వాడాలంటే ముందు నాలుగు పంక్తులు రాయాలి. ఆ నాలుగు పంక్తులు రాయాలంటే క్వింటాకు ఎన్ని గంటలు పడుతున్నదో, ఎంత డబ్బు ఎన్నాళ్ళు ఇరుక్కుంటున్నదో, ఒక మనిషి రోజుకు ఎన్ని కిలోలు ఒలుస్తున్నదో కొలవాలి. చిన్న మిల్లుల్లో ఈ మూడు అంకెలు సరిగ్గా తెలిసిన యజమానులు నాకు అరుదుగా కనబడ్డారు. జీఎస్టీ కోసం రాసే లెక్క వేరు, తన కోసం రాసుకునే లెక్క వేరు. రెండోది ఎవరూ అడగరు కనుక ఎవరూ రాయరు. సాల్వర్ బొత్తాం నొక్కకముందే, ఆ కొలతలు తీసుకున్న వారంలోనే, సగం లాభం వచ్చేస్తుందని నా నమ్మకం.

మనలో గణితం చదివినవారు, మిల్లున్న కుటుంబాల నుంచి వచ్చినవారు తక్కువేమీ లేరు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక పూట మిల్లులో కూర్చుని, ఆ నాలుగు పంక్తులు తెలుగులో రాసి, పట్టికను అక్కడే వదిలి రండి. మీ వాళ్ళు "మర కొందామా" అని అడిగితే, దాని కొరత వెల ఎంతో ముందు వారి చేతనే చదివించండి. ఆ గడిలో సున్నా ఉంటే ఆ సంవత్సరానికి ఒక అప్పు తప్పినట్టే. ఒలుపు గడిలో అంకె ఉంటే, ఆ కుప్పల దగ్గర కూర్చున్న వారికి ఎంత పెంచవచ్చో కూడా వెంటనే లెక్క చూడండి.